కార్ల్స్‌బాడ్ గుహల సందర్శనకు రిజర్వేషన్: విశాఖపట్నం నుంచి వెళ్ళే వారికి దరఖాస్తు విధానం

అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్ళే విశాఖపట్నం తల్లిదండ్రులు, న్యూ మెక్సికో రాష్ట్రంలోని కార్ల్స్‌బాడ్ కేవర్న్స్ జాతీయ ఉద్యానవనాన్ని కూడా చూడాలనుకుంటే ఒక విషయాన్ని ముందే గ్రహించాలి. బొర్రా గుహల దగ్గర చేసినట్టు, అక్కడికి చేరుకున్నాక కౌంటరులో టికెట్ తీసుకుని నేరుగా లోపలికి దిగిపోదామంటే కుదరదు. ఏ రోజు, ఏ వేళకు గుహలోకి వెళ్తారో ముందుగానే రిజర్వేషన్ చేసుకోవాలి. ఆ రిజర్వేషన్ ప్రవేశ టికెట్ కాదు. ప్రవేశ టికెట్‌ను అక్కడి సందర్శకుల కేంద్రంలో విడిగా కొనాలి. తికమకంతా ఈ రెంటినీ ఒకటిగా భావించడం వల్లనే వస్తుంది. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేశాం కదా అని వెళ్ళినవారు అక్కడ మళ్ళీ చెల్లించాల్సి వచ్చేసరికి ఆశ్చర్యపోతారు. టికెట్ అక్కడే కొనుక్కోవచ్చని విని రిజర్వేషన్ లేకుండా వెళ్ళినవారికైతే గుహ చూడకుండానే వెనుదిరిగే ప్రమాదం ఉంది.

ఈ ఉద్యానవనాన్ని అమెరికా సమాఖ్య ప్రభుత్వ జాతీయ ఉద్యానవనాల సేవాసంస్థ నిర్వహిస్తుంది. 1923లో జాతీయ స్మారకంగా, 1930లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఈ ప్రాంతానికి 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా లభించింది. విదేశీయులు దీన్ని చూడడానికి సందర్శక వీసాకు మించి ప్రత్యేక అనుమతి ఏదీ అక్కరలేదు.

రిజర్వేషన్ కోసం అమెరికా ప్రభుత్వ బుకింగ్ వెబ్‌సైట్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో ఈమెయిల్, ఫోన్ నంబరు ఇచ్చి ఖాతా తెరవాలి. ఖాతాదారు పేరును పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు, అసలు పేరు తారుమారు కాకుండా నింపడం మంచిది. తర్వాత ఉద్యానవనం పేరుతో వెతికి, సమయ నిర్దేశిత ప్రవేశానికి సంబంధించిన పేజీ తెరిచి, తేదీ, వేళ, వ్యక్తుల సంఖ్య ఎంచుకోవాలి. చిన్న పిల్లలకు ప్రవేశ రుసుము లేకపోయినా, రిజర్వేషన్‌లో వారిని కూడా లెక్క చూపించాలి. అమెరికాలో తేదీ రాసేటప్పుడు నెలను ముందు, రోజును తర్వాత రాస్తారు కనుక, 05/06 అని కనిపిస్తే అది జూన్ 5 కాదు, మే 6 అని గుర్తుంచుకుని, చెల్లింపుకు ముందు నెల పేరును మరోసారి సరిచూసుకోవాలి. రిజర్వేషన్‌కు తీసుకునేది నామమాత్రంగా ఒక డాలర్ రుసుమే.

ఆ ఒక్క డాలరు దగ్గరే చాలామంది దరఖాస్తు ఆగిపోతుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం మన బ్యాంకులిచ్చే కార్డులపై విదేశీ లావాదేవీలు మొదట నిలిపివేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో వాటిని స్వయంగా అనుమతించుకున్నాకే చెల్లింపు జరుగుతుంది. విశాఖ నుంచి ఈ తంటాలు పడేకంటే, అమెరికాలో ఉన్న కొడుకో కూతురో తమ ఖాతాతో, తమ కార్డుతో బుక్ చేయడమే సులువు. అయితే అప్పుడు రిజర్వేషన్ వారి పేరిట ఉంటుంది కాబట్టి వారు కూడా వెంట రావాలి, లేదా తల్లిదండ్రుల పేరిటే ఖాతా తెరవాలి.

వేళ ఎంచుకునేటప్పుడు, అక్కడ చూపించేది స్థానిక మౌంటెన్ సమయమని గమనించాలి. వేసవిలో అది మనకంటే పదకొండున్నర గంటలు, శీతకాలంలో పన్నెండున్నర గంటలు వెనుక ఉంటుంది. డాలస్ నుంచి కారులో వచ్చేవారికి దారిలో గడియారం ఒక గంట వెనక్కి జరుగుతుంది. టెక్సాస్ పశ్చిమ కొసన ఉన్న ఎల్ పాసో నగరం నుంచి వచ్చేవారికి తేడా ఉండదు. ఎల్ పాసో నుంచి సుమారు 230 కిలోమీటర్ల ప్రయాణం. ఉద్యానవనంలో బస సౌకర్యం లేదు గనుక వైట్స్ సిటీలోనో కార్ల్స్‌బాడ్ పట్టణంలోనో దిగాలి. ఫోన్ మ్యాపులో ఉత్త కార్ల్స్‌బాడ్ అని కొడితే కాలిఫోర్నియాలోని అదే పేరు గల ఊరు రావచ్చు. గది, విమాన టికెట్ ఖరారు చేసుకోకముందే గుహ రిజర్వేషన్ దొరుకుతుందో లేదో చూసుకోవడం వివేకం. థాంక్స్‌గివింగ్ (నవంబరు నాలుగో గురువారం), క్రిస్మస్, జనవరి 1 ఉద్యానవనానికి సెలవులు.

రిజర్వేషన్ పత్రాన్ని ముందే ఫోన్‌లో భద్రపరచుకోవాలి, ఒక కాగితం ప్రతి కూడా దగ్గర పెట్టుకోవాలి. ఉద్యానవనం దగ్గర మొబైల్ సంకేతాలు అంతంతమాత్రమే. ఎంచుకున్న వేళకు సందర్శకుల కేంద్రానికి చేరి, రిజర్వేషన్ చూపి, ప్రవేశ టికెట్ తీసుకోవాలి. పదహారేళ్ళు, ఆ పైబడిన వారికి 15 డాలర్లు. ఈ టికెట్ మూడు రోజులు చెల్లుతుంది, కానీ మర్నాడు మళ్ళీ గుహలోకి దిగాలంటే ఆ రోజుకు వేరే రిజర్వేషన్ ఉండాలి. పిల్లల దగ్గర జాతీయ ఉద్యానవనాల వార్షిక పాస్ ఉంటే, పాస్‌దారు స్వయంగా గుర్తింపు కార్డుతో వచ్చినప్పుడు ఆయనతో పాటు మరో ముగ్గురు పెద్దలకు ప్రవేశ రుసుము మినహాయింపు లభిస్తుంది; రిజర్వేషన్ మాత్రం అప్పుడూ తప్పదు. అరవై రెండేళ్ళు దాటిన వారికిచ్చే వృద్ధుల పాస్ అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే కనుక, సందర్శక వీసాపై వెళ్ళిన తల్లిదండ్రులు దానికి అర్హులు కారు. 2026 జనవరి 1 నుంచి అక్కడ నివాసులు కాని వారికి వార్షిక పాస్ ధర 250 డాలర్లు. ఈ ఒక్క గుహ కోసం దాన్ని కొనడం దండగ.

మన ప్రాంతం వారికి ప్రత్యేకంగా వర్తించే నియమం ఒకటుంది. మరే గుహలోనైనా తొడిగిన బూట్లు, బట్టలు ఇక్కడ వేసుకోరాదు. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో తొలిసారి కనిపించిన వైట్ నోస్ అనే శిలీంధ్ర వ్యాధి ఉత్తర అమెరికాలో లక్షల గబ్బిలాలను బలిగొన్నది, మనుషుల చెప్పులు, దుస్తుల ద్వారా కూడా ఆ శిలీంధ్రం ఒక గుహ నుంచి మరో గుహకు చేరగలదు. బొర్రాకో బెలుంకో వేసుకెళ్ళిన బూట్లను పెట్టెలో సర్దుకోకుండా, వేరే జత, జారనిది, తీసుకెళ్ళాలి. లోపల ఏడాది పొడవునా 13 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత ఉంటుంది. విశాఖలో డిసెంబరు రాత్రుల్లో కూడా అంత చలి అరుదు గనుక స్వెట్టర్ ఉండాలి. మంచినీళ్ళు తప్ప తినుబండారాలు, ఇతర పానీయాలు లోపలికి అనుమతించరు. పసిపిల్లల తోపుడు బండ్లు కూడా నిషిద్ధం.

ఎల్ పాసో దారి మెక్సికో సరిహద్దుకు దగ్గర కాబట్టి సరిహద్దు గస్తీ తనిఖీ కేంద్రం తగులుతుంది. అసలు పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలో ప్రవేశించినప్పటి నమోదు పత్రం) ప్రతి హోటల్ గదిలో వదిలి రాకూడదు. సాయంకాలం గబ్బిలాలు గుహలోంచి బయటికి ఎగిరే దృశ్యం, మే చివరి నుంచి అక్టోబరు వరకు, ఉచితంగా, రిజర్వేషన్ లేకుండా చూడవచ్చు. అక్కడ ఫోన్లు, కెమెరాలు వాడనివ్వరు.

గుహలోకి దిగడానికి రెండు మార్గాలున్నాయి. సహజ ద్వారం నుంచి సుమారు రెండు కిలోమీటర్ల ఏటవాలు బాటలో నడవవచ్చు, లేదా లిఫ్టులో నేరుగా 750 అడుగులు దిగవచ్చు. నడక మార్గంలో ప్రవేశాన్ని త్వరగా ముగిస్తారు కాబట్టి, నడవదలచినవారు ఉదయం వేళనే ఎంచుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న వారికి లిఫ్టే శరణ్యం, అయితే అది మరమ్మతులతో నిలిచిపోయే రోజులూ ఉంటాయి. అటువంటప్పుడు దిగిన ఎత్తంతా కాలినడకన ఎక్కి రావాలి. అందువల్ల బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఉద్యానవనం అధికారిక పేజీలో హెచ్చరికలు చూసి, లిఫ్టు ఆగినట్టు తెలిస్తే, పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్ళే బదులు మరో రోజుకు కొత్త రిజర్వేషన్ తీసుకోవడం ఉత్తమం.