టైమింగ్ బెల్టు విప్పే ముందు జాగ్రత్తలు

టైమింగ్ బెల్టు అంటే ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్), క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) రెండూ ఒకదానికొకటి సరిగ్గా కుదిరి తిరిగేలా చేసే బెల్టు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టి, ముందుగా బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాలి.

అన్నిటికంటే ముఖ్యం గుర్తుల విషయం: పాత బెల్టు తీయకముందే క్రాంక్‌షాఫ్ట్, క్యామ్‌షాఫ్ట్ గుర్తులు తయారీదారు మాన్యువల్‌లో చూపినట్లే కలిశాయని నిర్ధారించుకోవాలి. బెల్టు లేనప్పుడు ఏ షాఫ్ట్‌నూ విడిగా తిప్పకూడదు. అలా తిప్పితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, ఆ నష్టం బెల్టు ఖరీదుకు ఎన్నో రెట్లు ఉంటుంది.

టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచేది), ఐడ్లర్ (బెల్టుకు దారి చూపేది) పుల్లీలతో పాటు, ఈ బెల్టుతోనే వాటర్ పంపు నడిచే ఇంజన్ అయితే దానినీ ఇప్పుడే మార్చడం మేలు, ఎందుకంటే తరువాత అది పాడైతే ఇంత పనీ మళ్లీ చేయవలసి వస్తుంది. ఆయిల్ సీళ్లు కారుతున్నాయేమో చూడాలి. కొత్త బెల్టును మడవకూడదు, ఆయిల్ తగలనీయకూడదు.

కొత్త బెల్టు బిగించాక, స్టార్టర్ వాడే ముందు క్రాంక్‌ను స్పానర్‌తో, ఇంజన్ తిరిగే దిశలోనే నెమ్మదిగా 2 పూర్తి చుట్లు తిప్పి గుర్తులు సరిచూడాలి; ఎక్కడైనా గట్టిగా అడ్డుపడితే బలవంతం చేయక అక్కడే ఆపాలి.