పుంటా కానా నుంచి శాంటో డొమింగో: ఒక్కరోజు గైడ్ టూర్ ఎలా చేయాలి?

కరీబియన్ దీవి దేశం డొమినికన్ రిపబ్లిక్‌లో బీచ్ రిసార్టుల ఊరు పుంటా కానా. అక్కడికి వెళ్లే మనవాళ్లు చాలామంది ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా రిసార్టుకి, నాలుగు రోజుల తర్వాత రిసార్టు నుంచి నేరుగా ఎయిర్‌పోర్టుకి. చేతికి బ్యాండు, ఎదురుగా సముద్రం, మూడు పూటలా బఫే. పనితో నలిగిపోయి వెళ్తారు కాబట్టి తప్పు పట్టడానికేం లేదు. కాకపోతే మూడో రోజుకి ఎవరికైనా బోర్ కొడుతుంది. అప్పుడు లాబీలో టూర్లు అమ్మే బల్ల దగ్గరికి వెళ్తే పడవలు, బగ్గీలు, డాల్ఫిన్ల బొమ్మల మధ్య ఓ మూల శాంటో డొమింగో పేరు కనిపిస్తుంది. డొమినికన్ రిపబ్లిక్ రాజధాని. అమెరికా ఖండాల్లో యూరప్ వాళ్లు కట్టిన ఊళ్లలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నవాటిల్లోకెల్లా పాతది. కొలంబస్ తమ్ముడు బార్తలోమియో 1490లలో ఒజామా నదికి తూర్పు ఒడ్డున మొదలుపెడితే, తుఫానులో దెబ్బతిన్నాక 1502లో గవర్నర్ ఒవాందో దాన్ని పడమటి ఒడ్డుకి మార్చాడు. ఆ పాత భాగాన్నే ఇప్పుడు జోనా కొలోనియల్ అంటారు. 1990లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి డబ్బులు దండగ అనిపించింది. రెండోసారి అవే వీధులు తిరగడానికి రోజంతా చాల్లేదు. ఆ తేడా ఎలా వచ్చిందో వరసగా చెప్తాను.

1. ముందు కాగితాలు

ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి చెల్లుబాటులో ఉన్న అమెరికా, కెనడా, బ్రిటన్ లేదా షెంగెన్ వీసా ఉంటే, లేదా గ్రీన్ కార్డు ఉంటే, డొమినికన్ రిపబ్లిక్‌కి విడిగా టూరిస్ట్ వీసా అక్కర్లేదు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఒకసారి వాళ్ల కాన్సులేట్ సైటు చూసుకోండి. రావడానికి, పోవడానికి ఈ-టికెట్ అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగే సైటు కనిపిస్తే బయటికి వచ్చేయండి.

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పాస్‌పోర్టులో స్టాంపు గడువు తీరిపోయినా కెనడా, మెక్సికో వెళ్లి 30 రోజుల్లోపు తిరిగి రావచ్చనే వెసులుబాటు హెచ్1బీ వాళ్లకి ఈ దీవికి వర్తించదు. ఎఫ్1 విద్యార్థులకి వర్తిస్తుంది. "మా ఫ్రెండ్ వెళ్లొచ్చాడు" అన్న మాట పట్టుకుని బయల్దేరితే తిరుగు ప్రయాణం టెన్షనే.

2. సోమవారం వద్దు

మొదటిసారి మా డబ్బు దండగైంది ఇందుకే. సోమవారం వెళ్లాం. అక్కడ చాలా మ్యూజియాలకి ఆ రోజు సెలవు. కొలంబస్ కొడుకు కట్టించిన అల్కాసర్ కోటమేడని గేటు బయట నిలబడి ఫోటో తీసుకుని వచ్చాం. టూర్ అమ్మిన మనిషికి ఆ సంగతి తెలియదనుకోలేం. మేం అడగలేదు, అతను చెప్పలేదు.

మంగళవారం నుంచి శుక్రవారం లోపు చూసుకోండి. ఆదివారం అక్కడి పెద్ద చర్చి కథీడ్రల్లో ప్రార్థనలు ఉంటాయి కాబట్టి లోపల తిరగడం కుదరకపోవచ్చు. జూన్ నుంచి నవంబర్ దాకా తుఫాన్ల కాలం, అప్పుడైతే వాన పడితే టూర్ తేదీ మార్చుకోవచ్చా అని కూడా అడగండి.

3. టూర్ అమ్మేవాణ్ని ఏం అడగాలి

ధర ఆఖర్న అడగండి. ముందు అడగాల్సింది: "పాత ఊళ్లో కాలినడకన ఎన్ని గంటలు?" పుంటా కానా నుంచి శాంటో డొమింగో దాదాపు 200 కిలోమీటర్లు. హైవే బాగుంటుంది, అయినా రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. అంటే రానూపోనూ ఐదు నుంచి ఆరు గంటలు బస్సులోనే. పైగా పెద్ద బస్సయితే ఐదారు హోటళ్ల దగ్గర ఆగి జనాన్ని ఎక్కించుకుంటుంది. పికప్ తెల్లారుజామున అని చెప్తే విసుక్కోకండి, ఎంత పెందలాడే బయల్దేరితే అంత మేలు. పాత ఊళ్లో మూడు గంటల కన్నా తక్కువ ఇస్తామంటే ఆ టూర్ వద్దు.

తర్వాత, ఏ టికెట్లు కలిసి ఉన్నాయో విడివిడిగా చెప్పించుకోండి. "అల్కాసర్ విజిట్" అని రాసి ఉంటే లోపలికి వెళ్లడమా, బయటినుంచి చూడటమా? గైడ్ ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడతాడా, లేక ఒకే బస్సులో నాలుగు భాషలా? నాలుగైతే ఒక్కో కథలో మీకు వచ్చేది పావు వంతు.

రెండు కుటుంబాలు కలిస్తే చిన్న వ్యాన్, సొంత గైడ్ మాట్లాడుకోవడమే నయం. మేం రెండోసారి అలాగే వెళ్లాం. అదీ కాదంటే మామూలు బస్సులో రాజధానికి వెళ్లి, కథీడ్రల్ ముందున్న కొలంబస్ పార్కులో గైడ్‌ని పెట్టుకోవచ్చు. టూరిజం శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు మెడలో ఉన్నవాళ్లనే పిలవండి. డబ్బు మొత్తం గ్రూపుకా, మనిషికా అన్నది నడక మొదలవ్వకముందే తేల్చుకోండి.

4. ఏం వేసుకోవాలి, ఏం పట్టుకెళ్లాలి

కథీడ్రల్‌కి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి. మా బావ నిక్కరుతో వచ్చాడు. గుమ్మం దగ్గర ఆపేస్తే, మా అక్క చున్నీని లుంగీలా చుట్టుకుని లోపలికెళ్లాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతూనే ఉంటుంది.

రాళ్లు పరిచిన వీధులు కాబట్టి చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. టోపీ, నీళ్ల సీసా తప్పనిసరి. కుళాయి నీళ్లు తాగకండి. డాలర్లు చాలాచోట్ల తీసుకుంటారు గానీ చిల్లర లెక్కల్లో మనకే నష్టం, కొన్ని డొమినికన్ పెసోలు జేబులో ఉంచుకోండి.

5. దారిలో

హైవే పక్కన చెరకు తోటలు కనిపిస్తాయి. పడుకోకుండా ఒకసారి చూడండి. ఈ దీవి కథలో సగం చెరకుదే, ఆ ముక్క మళ్లీ వస్తుంది.

ఊరికి తూర్పు వైపున ముందు లోస్ త్రెస్ ఓహోస్ దగ్గర ఆపుతారు. అంటే 'మూడు కళ్లు'. సున్నపురాయి గుహల పైకప్పు కూలి ఏర్పడిన మడుగులు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో నీళ్లు. తాడుతో లాగే చిన్న బల్లకట్టు ఎక్కితే నాలుగో మడుగు కూడా చూడొచ్చు. మెట్లు చాలా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని పైనే కూర్చోబెట్టండి. గంట దాటనివ్వకండి.

ఆ దగ్గర్లోనే శిలువ ఆకారంలో పెద్ద కాంక్రీటు కట్టడం, కొలంబస్ లైట్‌హౌస్. 1992లో, కొలంబస్ వచ్చి 500 ఏళ్లయిన సందర్భంగా తెరిచారు. అతని ఎముకలు ఇందులోనే ఉన్నాయని వీళ్లంటారు. స్పెయిన్‌లోని సెవిల్ వాళ్లు మా దగ్గరున్నాయంటారు. 1795లో స్పెయిన్ ఈ కాలనీని ఫ్రాన్సుకి ఇచ్చేస్తూ ఎముకల్ని హవానాకి తీసుకుపోయింది, అక్కడినుంచి సెవిల్‌కి చేరాయి. తీరా చూస్తే 1877లో ఇక్కడి కథీడ్రల్లో కొలంబస్ పేరు చెక్కిన సీసపు పెట్టె ఒకటి బయటపడింది! కథ బాగుంది గానీ కట్టడం బాగోదు. బస్సులోంచి చూస్తే చాలు.

6. పాత ఊళ్లో నడక

అసలు టూర్ ఇది. ఇక్కడ గైడ్ నోటి వెంట ఎక్కువసార్లు వినబడే మాట 'మొట్టమొదటి'. అమెరికాల్లో మొట్టమొదటి కథీడ్రల్, మొట్టమొదటి రాళ్ల వీధి, మొట్టమొదటి ఆసుపత్రి (1503లో మొదలైంది, ఇప్పుడు మొండి గోడలు, పావురాలు), 1538లో పోప్ అనుమతితో మొట్టమొదటి విశ్వవిద్యాలయం. మా అమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టి తొమ్మిది దగ్గర ఆపేసింది. వినండి, అన్నీ చెప్పుకోదగ్గవే. అయితే గైడ్ తనంతట తాను చెప్పని మొదటివి ఇంకా రెండున్నాయి, అవి మీరే అడగాలి.

కొలంబస్ పార్కులో మొదలుపెట్టండి. మధ్యలో 1887 నాటి కొలంబస్ విగ్రహం, వేలు చూపిస్తూ ఉంటుంది. అందరూ పైకే చూస్తారు, మీరు కిందికి చూడండి. దిమ్మెకి అతుక్కున్నట్టుగా ఒక స్త్రీ పైకెగబాకుతూ కొలంబస్ పేరు రాస్తుంటుంది. ఆమె అనకావోనా అని చెప్తారు, ఈ దీవి మూలవాసులైన తైనోల రాణి. ఆమెని 1503 ప్రాంతంలో స్పానిష్ వాళ్లు ఉరి తీశారు. తీయించిన గవర్నర్, ఊరిని ఈ ఒడ్డుకి మార్చిన ఆ ఒవాందోనే. పది నిమిషాలు నడిస్తే ప్లాసా దె ఎస్పాన్యాలో అతని విగ్రహం కూడా నిలబడి ఉంటుంది. "అనకావోనా ఎలా చనిపోయింది?" అని గైడ్‌ని పార్కులోనే అడిగేయండి. మా రెండో గైడ్ ఒక్క క్షణం నావైపు చూసి, గొడుగు మూసి, నీడలో కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత టూర్ తీరే మారిపోయింది.

పక్కనే కథీడ్రల్. 1514 ప్రాంతంలో మొదలై 1540 ప్రాంతంలో ముగిసింది. పగడపు సున్నపురాయి గోడలు ఎండలో బంగారు రంగు తిరుగుతాయి. 1586లో ఇంగ్లీషు దొంగదొర ఫ్రాన్సిస్ డ్రేక్ ఊరి మీద పడి, దీన్నే తన సైనికుల విడిదిగా చేసుకుని, 25,000 డకాట్లు (ఆనాటి నాణేలు) గుంజుకున్నాకే కదిలాడు. లోపల చల్లగా ఉంటుంది, ఓ పావుగంట ఊరికే కూర్చోండి.

అక్కడినుంచి ఒజామా కోటకి. 1502 నుంచి 1508 దాకా కట్టారు, బురుజు ఎత్తు దాదాపు 18 మీటర్లు. ఇరుకు మెట్లెక్కితే నది సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుంది. ఆవరణలో ఉన్న విగ్రహం ఒవియెదోది. ఈ కోటకి అధికారిగా ఉంటూ ఇక్కడి చెట్టూచేమా గురించి రాసినవాడు, అనాసపండు రుచిని వర్ణించడానికి మాటలు వెతుక్కున్నవాడు. మన అనాస, జామ, బొప్పాయి, మిరప అన్నీ ఈ ఖండాల నుంచి వచ్చినవే. మిరపకి తైనోలు అనే 'అహీ' అన్న మాటని ఇక్కడ ఇప్పటికీ వాడతారు.

కోట ముందునుంచి సాగేదే కాయే లాస్ దామాస్, దొరసానుల వీధి. కొలంబస్ కోడలు మరియా దె తొలేదో తన చెలికత్తెలతో సాయంత్రాలు షికారు చేసేదట. దారిలో పాంతియోన్, 18వ శతాబ్దపు జెసూట్ చర్చి. నియంత త్రుహియో దాన్ని 1956లో దేశ ప్రముఖుల సమాధి మందిరంగా మార్చాడు. కాస్త ముందుకెళ్తే 1753 నాటి నీడ గడియారం, ఎదురుగా కాసాస్ రియాలెస్ మ్యూజియం. అప్పట్లో ఆ భవనంలోని అధికారులు కిటికీలోంచే టైం చూసుకునేవాళ్లు. టైం తక్కువుంటే ఈ మ్యూజియం వదిలేయొచ్చు.

అల్కాసర్ మాత్రం వదలొద్దు. 1510 తర్వాత కొలంబస్ కొడుకు దియేగో కట్టించుకున్నది. శిథిలమైపోతే 1950లలో బాగుచేశారు. లోపలి సామాను చాలావరకు ఆ కాలానిదే గానీ ఆ ఇంటిది కాదు. రెండో అంతస్తు వరండాలో నది వైపు నిలబడి, గైడ్ తనంతట తాను చెప్పడన్న ఆ రెండు మొదటివాటి గురించి అడగండి.

ఒకటి: మొట్టమొదట ఎదురు మాట్లాడింది ఎవరు? 1511 డిసెంబర్ 21న ఇదే ఊళ్లో ఆంతోన్ మోంతెసీనోస్ అనే క్రైస్తవ సన్యాసి ప్రార్థనకి వచ్చిన దొరలందరి ముందూ నిలబడి, తైనోల గురించి "వీళ్లు మనుషులు కారా?" అని నిలదీశాడు. విన్నవాళ్లలో ఈ ఇంటాయన దియేగో కూడా ఉన్నాడు. రెండు: బానిసల్లో మొట్టమొదట పెద్దఎత్తున తిరగబడింది ఎవరు? ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. 1521 క్రిస్మస్ రోజుల్లో, దియేగో సొంత చెరకు తోటలోనే. అమెరికాల్లో నమోదైన తొలి పెద్ద బానిస తిరుగుబాటు అదే. ఈ మేడ వైభవానికి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు అర్థమవుతుంది.

7. భోజనం

టూర్‌లో కలిసి ఉండేది మామూలుగా బఫే. శాకాహారులు "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని మూడూ చెప్పాలి, అంటే మాంసం, కోడి, చేప లేకుండా. ఒక్క కార్నే వద్దంటే కోడి పెట్టేస్తారు. చిక్కుడుగింజల కూరలో పంది మాంసం వేసే అలవాటుంది, అదీ అడగండి. అరటికాయ ఉడికించి మెదిపిన మంగూ, నూనెలో రెండుసార్లు వేయించిన తొస్తోనెస్ మనకి బాగా ఎక్కుతాయి.

నాకు నచ్చింది మోరో దె గ్వాందులేస్. గ్వాందులేస్ అంటే ఏమిటా అని చూస్తే పచ్చి కందిగింజలు! చెవికి కూడా 'కందులు' అన్నట్టే వినబడింది. మన దేశంలో పుట్టిన కంది, ఆఫ్రికా మీదుగా బానిసల ఓడల కాలంలో ఇక్కడికి చేరింది. కందిగింజలతో వండిన అన్నం, పక్కన ఓ పచ్చిమిరపకాయ అడిగి తెప్పించుకోండి.

బిల్లులో 18 శాతం పన్ను, 10 శాతం సర్వీసు చార్జీ ముందే కలిసి ఉంటాయి.

8. షాపులు, టిప్పులు, తిరుగు ప్రయాణం

మధ్యాహ్నం తప్పకుండా ఒక నగల షాపు దగ్గర ఆపుతారు. లారిమార్ అనే నీలిరాయి ప్రపంచంలో ఈ దేశంలోనే దొరుకుతుంది, కాబట్టి చూడటానికి పది నిమిషాలివ్వొచ్చు. కొనాలనుంటే ఎల్ కోందే వీధిలో నాలుగు షాపులు తిరిగి, బేరమాడి కొనండి. "షాపు బదులు మలెకోన్ మీదుగా వెళ్దాం" అని గైడ్‌తో పొద్దున్నే చెప్పి ఉంచితే ఇంకా మంచిది. ఆ సముద్రపు రోడ్డు మీద మోంతెసీనోస్ భారీ విగ్రహం ఉంది, నోటి పక్కన చెయ్యి పెట్టి సముద్రంకేసి అరుస్తున్నట్టు.

గైడ్‌కి, డ్రైవర్‌కి టిప్పు విడివిడిగా ఇవ్వండి. బస్సు ఎక్కేముందే బాత్రూం పని చూసుకోండి. రిసార్టు చేరేసరికి ఏడు దాటొచ్చు, ఆ రాత్రికి టేబుల్ బుక్ చేయాల్సిన రెస్టారెంటు పెట్టుకోకండి.