తిండి కోసమే ఇటలీ వెళ్లాలనుకుంటే: తీరిగ్గా సాగే యాత్రను ఎలా ప్లాన్ చేసుకోవాలి?

రోమ్, పీసా, ఫ్లోరెన్స్, వెనిస్, మిలాన్... అన్నీ ఒక్క వారంలో చుట్టేసే ప్యాకేజీలు మన దగ్గర బోలెడు దొరుకుతాయి. పేరున్న కట్టడాలన్నీ ఒకసారి చూసి రావాలనుకునేవాళ్లకు అవి సరిపోతాయి. తిండి మీద ఇష్టంతో వెళ్లేవాళ్లకు మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. ఇటలీలో మంచి భోజనానికి కనీసం గంటన్నర పడుతుంది, ఆ గంటన్నర సేపు బస్సు ఆగదు.

పైగా దేశమంతటికీ ఒకే ఇటాలియన్ వంట అంటూ లేదు. 1861లో ఏకమయ్యేదాకా ఇటలీ వేర్వేరు రాజ్యాలుగా ఉండేది, ఆ తేడాలు వంటింట్లో ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పులస పులుసును వరంగల్‌లో, సర్వపిండిని నరసాపురంలో వెతకం కదా! అలాగే రోమ్ వాళ్ల కార్బొనారా పాస్తాను బొలోన్యాలో అడక్కూడదు. అందుకే ముందు ఊళ్ల జాబితా రాయకండి. ఏం తినాలో తేల్చుకోండి, అది ఎక్కడ పుట్టిందో చూడండి, అక్కడే ఉండిపోండి.

1. ఒకే ప్రాంతం ఎంచుకోండి

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఉత్తర ఇటలీలోని ఎమీలియా-రొమాన్యా. దీనికి కారణం ఉంది. క్రీస్తుపూర్వం 187లో రోమన్లు పియాచెన్సా నుంచి రిమినీ దాకా ఒక రోడ్డు వేశారు. ఆ రోడ్డు పేరే వియా ఎమీలియా. పార్మా, రెజ్జో ఎమీలియా, మోడెనా, బొలోన్యా... అన్నీ ఆ ఒక్క దారి మీదే వరసగా ఉంటాయి. రైలు మార్గం కూడా దాని పక్కనే వెళ్తుంది. బొలోన్యా నుంచి మోడెనాకు లోకల్ రైలులో అరగంట లోపే, పార్మాకు గంట. పార్మిజానో చీజ్, పార్మా హామ్ (పంది తొడ మాంసం), బాల్సమిక్ వినెగర్, తోర్తెల్లీని (లోపల కూరు పెట్టిన చిన్న పాస్తా), లాజాన్యా అన్నీ ఈ కాస్త దూరంలోనే పుట్టాయి. ఉదయం వెళ్లి తిని, చూసి, సాయంత్రానికి బసకు తిరిగి రావచ్చు.

పదిరోజులు చేతిలో ఉంటే ఐదు రాత్రులు బొలోన్యాలో, మూడు రాత్రులు పల్లెలో, మిగిలినవి ఫ్లోరెన్స్‌లో గడపండి. బొలోన్యా నుంచి ఫ్లోరెన్స్‌కు హైస్పీడ్ రైలులో సుమారు 40 నిమిషాలే. నాలుగో ఊరు కలపాలన్న ఆశ పుడుతుంది, కలపకండి. సామాను సర్ది, హోటల్ మారి, మళ్లీ తాళం తీసుకునేసరికి ఒక మధ్యాహ్న భోజనం పోతుంది.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు దుబాయ్‌లో మారి నేరుగా బొలోన్యాలోనే దిగొచ్చు. రోమ్‌లో దిగి మళ్లీ పైకి రావాల్సిన పని లేదు.

2. నెల చూసి టికెట్ కొనండి

సెప్టెంబర్, అక్టోబర్ నెలలు అన్నిటికన్నా మంచివి. ద్రాక్ష కోతలు, పుట్టగొడుగులు, గుమ్మడి అన్నీ అప్పుడే వస్తాయి. ఏప్రిల్, మే కూడా బాగుంటాయి, ఆర్టిచోక్, ఆస్పరాగస్ మార్కెట్లలో నిండుగా ఉంటాయి. ఆగస్టు మాత్రం వద్దు. ఎండ సంగతి పక్కన పెట్టినా, ఆగస్టు 15న వచ్చే ఫెర్రగోస్తో పండగకు అటూ ఇటూ వారాల పాటు ఎన్నో సొంత హోటళ్లు మూసేసి కుటుంబాలతో సముద్రతీరానికి వెళ్లిపోతారు. మంచి వంట ఉన్న చోట్లే ఎక్కువగా మూతపడతాయి.

3. బొలోన్యాలో మకాం పెట్టండి

సిటీ సెంటర్‌లో, క్వాద్రిలాతెరో మార్కెట్‌కు నడిచి వెళ్లేంత దూరంలో గది తీసుకోండి. బొలోన్యా వీధులకు రెండు వైపులా కప్పున్న నడవాలు ఉంటాయి, మొత్తం కలిపితే 62 కిలోమీటర్లు. 2021లో వీటిని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. వాన వచ్చినా, ఎండ కాసినా గొడుగు లేకుండా తిరగొచ్చు. కడుపునిండా తిన్నాక నడవడానికి ఇంతకంటే మంచి ఊరు నాకు తెలియదు. ఇంకా అరగలేదంటే ఊరి చివరి నుంచి సాన్ లూకా గుడి దాకా కొండ ఎక్కే నడవా ఉంది. దానికి 666 ఆర్చీలు, దాదాపు నాలుగు కిలోమీటర్ల నడక.

ఇక్కడ తప్పక తినాల్సింది తాల్యతెల్లె అల్ రాగు. తాల్యతెల్లె అంటే రిబ్బన్‌లా ఉండే పాస్తా, రాగు అంటే మాంసం కూర. మనం స్పగెట్టి బొలోనీస్ అని పిలిచే వంటకం ఈ ఊరిది కాదు. సన్నగా గుండ్రంగా ఉండే స్పగెట్టికి మాంసం కూర పట్టదు, వెడల్పాటి తాల్యతెల్లెకు పడుతుంది. ఉడికాక దాని వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో ఇక్కడి చాంబర్ ఆఫ్ కామర్స్‌లో రిజిస్టర్ చేసి మరీ పెట్టారు. 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు చొప్పున కలిపి, పొడవాటి అప్పడాల కర్రతో పల్చగా సాగదీస్తారు. ఈ పని చేసే ఆడవాళ్లను స్ఫోల్యీనే అంటారు. వాళ్ల దగ్గర ఒక పూట వంట క్లాస్ బుక్ చేసుకోండి. మ్యూజియం టికెట్ ఒకటి తగ్గించుకునైనా సరే.

ఒక సాయంత్రం ఓస్తెరియా దెల్ సోలేకి వెళ్లండి. 1465 నుంచి నడుస్తున్న చోటు. లోపల తిండి అమ్మరు, వైన్ మాత్రమే. పక్క సందులోని షాపుల్లో బ్రెడ్, చీజ్, మోర్తదెల్లా (పందిమాంసంతో చేసే సాసేజ్) కట్టించుకుని తెచ్చుకుని, పొడవాటి బల్లల మీద అందరితో కలిసి కూర్చోవాలి.

4. రోజును భోజనం టైమ్ చుట్టూ కట్టండి

యాత్ర తీరిగ్గా సాగుతుందా, టెన్షన్‌గా సాగుతుందా అన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా వంటిల్లు తెరిచి ఉంటుంది. తర్వాత మూసేస్తారు. మళ్లీ రాత్రి ఏడున్నరకే. మూడున్నరకు ఆకలేస్తే దొరికేవి టూరిస్టుల కోసం రోజంతా తెరిచి ఉంచే చోట్లే, అక్కడ తిండి అంతంత మాత్రం.

ఉదయం బార్‌లో (అక్కడ కాఫీ దుకాణాన్ని అలాగే అంటారు) నిలబడి కపుచీనో, ఒక కొర్నెత్తో, అంటే క్రోసాంట్ లాంటి బన్ను. కౌంటర్ దగ్గర తాగితే చవక, కూర్చుంటే చాలాచోట్ల ఎక్కువ తీసుకుంటారు. తర్వాత మార్కెట్. మధ్యాహ్నం పెద్ద భోజనం. ఆ తర్వాత గదికి వెళ్లి పడుకోండి, సిగ్గుపడకండి. సాయంత్రం ఆరు తర్వాత ఆపెరితీవో, ఒక గ్లాసుతో పాటు కొంచెం చిరుతిండి. రాత్రికి తేలిగ్గా. రోజుకు ఒక్క పెద్ద భోజనమే బుక్ చేయండి, రెండోది ఖాళీగా వదలండి.

శుక్ర, శనివారాల రాత్రులకు, ఆదివారం మధ్యాహ్నానికి ముందే టేబుల్ చెప్పుకోవాలి. తలుపు మీద స్లో ఫుడ్ వాళ్ల నత్త గుర్తు కనిపిస్తే ధైర్యంగా లోపలికి వెళ్లొచ్చు. 1986లో రోమ్‌లో మెక్‌డొనాల్డ్స్ రాకకు వ్యతిరేకంగా జరిగిన నిరసనల్లోంచి పుట్టిన ఉద్యమం అది. బిల్లులో కొపెర్తో అని మనిషికి రెండు మూడు యూరోలు కనిపిస్తే మోసం అనుకోవద్దు. బ్రెడ్‌కి, టేబుల్‌కి తీసుకునే మామూలు ఛార్జి అది. టిప్ తప్పనిసరి కాదు.

5. ఒక్క ఉదయం మాత్రం త్వరగా లేవండి

పార్మిజానో తయారీని చూడటానికి. పార్మా, రెజ్జో, మోడెనా చుట్టూ ఉన్న చీజ్ కేంద్రాలను కజెయిఫీచో అంటారు. పాలు రోజూ వస్తాయి కాబట్టి పని రోజూ ఉంటుంది, కానీ ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా అక్కడ ఉండాలి. పదిన్నరకు వెళ్తే కడిగిన నేల తప్ప ఏమీ కనిపించదు. ముందే ఫోన్ చేసి లేదా మెయిల్ పెట్టి టైమ్ తీసుకోండి.

రాత్రి పితికిన పాల మీద మీగడ తీసి, పొద్దుటి పాలతో కలిపి, గంట ఆకారంలో ఉండే రాగి కాగుల్లో పోస్తారు. పాలు విరిగాక పెద్ద తీగల కవ్వంతో ఆ గడ్డను గోధుమ గింజంత ముక్కలయ్యేదాకా చిలుకుతారు. ముక్కలన్నీ అడుగుకు చేరి ఒక్క ముద్దగా అతుక్కుంటాయి. ఇద్దరు మనుషులు చెక్కతో ఆ ముద్దను పైకి లేపి, నార గుడ్డలో కట్టి, కత్తితో సరిగ్గా రెండు భాగాలు చేస్తారు. ఒక కాగుకు రెండు చక్రాలు. ఒక్కో చక్రానికి సుమారు 550 లీటర్ల పాలు పడతాయి. పూర్తయ్యాక బరువు 40 కిలోల దాకా ఉంటుంది. ఉప్పునీటిలో నానబెట్టాక కనీసం 12 నెలలు చెక్క అల్మారాల్లో మాగాలి. చివర్లో ఒక మనిషి చిన్న సుత్తితో కొట్టి, శబ్దం విని, లోపల పగుళ్లున్నాయేమో చెప్తాడు. 12, 24, 36 నెలల ముక్కలు పక్కపక్కనే పెట్టి రుచి చూడమని అడగండి. 36 నెలలది నోట్లో పొడిపొడిగా రాలుతుంది, పంటి కింద చిన్న పలుకులు తగులుతాయి. సూపర్ మార్కెట్ పొడి చీజ్‌తో అలవాటైనవాళ్లకు ఇది వేరే వస్తువే అనిపిస్తుంది.

6. శాకాహారులు ఇది తప్పక చదవండి

ఇటలీలో శాకాహారం కష్టం కాదు, కానీ కనిపించని చోట మాంసం ఉంటుంది. అసలు పార్మిజానోలో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ అనే పదార్థం వాడతారు. మోడెనాలో పూరీలా పొంగే న్యోక్కో ఫ్రిత్తో చూస్తే మన ప్రాణం లేచొస్తుంది, కానీ దాన్ని సంప్రదాయంగా పంది కొవ్వులో వేయిస్తారు. రొమాన్యా వైపు దొరికే పియదీనా రొట్టె పిండిలోనూ అదే కొవ్వు కలుపుతారు, ఆలివ్ నూనెతో చేసినవి కూడా దొరుకుతాయి, అడగాలి. "స్ట్రుత్తో" అని రాసి ఉంటే అది పంది కొవ్వు. తోర్తెల్లీని లోపల మాంసం, రాగులో గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ ఉంటాయి.

మరి ఏం తినాలి? పార్మాలో రికోత్తా, ఆకుకూర కూరిన తోర్తెల్లీ దెర్బెత్తా, గుమ్మడి కూరిన తోర్తెల్లీ. ఫ్లోరెన్స్‌కు వెళ్తే బ్రెడ్, టమాటాతో చేసే పాప్పా అల్ పొమొదోరో, బీన్స్, నల్ల క్యాబేజీతో చేసే రిబొల్లీతా. పైన చీజ్ వద్దనుకుంటే ముందే చెప్పండి, తోర్తెల్లీ లోపల పార్మిజానో ఉందేమో కూడా అడగండి. గుడ్డు తినకపోతే తాజా పాస్తా కాకుండా ఎండు పాస్తా అడగండి, అందులో మామూలుగా గోధుమ రవ్వ, నీళ్లు తప్ప ఏమీ ఉండవు. సూప్ అయితే మాంసం నీళ్లతో చేశారేమో కనుక్కోండి. "సెంత్సా కార్నే, సెంత్సా బ్రోదో దీ కార్నే" అంటే చాలు, వాళ్లకు అర్థమైపోతుంది.

కారం లేక నాలుక చప్పబడితే ఓలియో పికాంతే, అంటే మిరప నూనె అడగండి. ఇంటి నుంచి కారప్పొడి తీసుకెళ్లండి కానీ నెయ్యి, పాలకోవా లాంటివి పెట్టెలో పెట్టొద్దు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరప్ యూనియన్‌లోకి తేనివ్వరు.

7. మూడు రాత్రులు పొలంలో

అగ్రితురిస్మో అంటే రైతు తన పొలంలోనే నడిపే బస. 1985లో దీనికి జాతీయ చట్టం వచ్చింది. నిజంగా వ్యవసాయం చేస్తేనే ఆ పేరు పెట్టుకోవాలి. మోడెనా దక్షిణాన కొండల వైపు చూసుకుంటే బాల్సమిక్ తయారుచేసే ఇళ్లు కూడా దగ్గర్లోనే ఉంటాయి. ద్రాక్షరసాన్ని మరిగించి, అటక మీద రకరకాల చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచుతారు. "త్రదిజియొనాలె" అని రాసి ఉన్నది కనీసం 12 ఏళ్లది, "ఎక్స్‌ట్రావెక్యో" అయితే 25. మామూలు బాల్సమిక్‌కు 60 రోజులు చాలు. ధరలో తేడా అందుకే. బుక్ చేసేటప్పుడు రాత్రి భోజనం పెడతారా అని తప్పక అడగండి, చుట్టుపక్కల హోటల్ ఉండకపోవచ్చు.

ఈ మూడు రోజులకే కారు తీసుకోండి. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి, బయల్దేరే ముందే ఆర్టీఏలో తీసుకోవాలి. పాత ఊళ్ల మధ్యలో జెడ్‌టీఎల్ (బయటి వాహనాలకు అనుమతి లేని ప్రాంతం) అని బోర్డు కనిపిస్తే లోపలికి పోకండి, కెమెరా ఫొటో తీసి జరిమానా పంపుతుంది. రైళ్లలో లోకల్ పేపర్ టికెట్‌ను ఎక్కే ముందు ప్లాట్‌ఫామ్ మెషిన్‌లో ముద్ర వేయించాలి.

8. కాగితాలు

ఇటలీ వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజులైనా గడువు ఉండాలి. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. 30,000 యూరోల కవరేజీతో ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. పొలం బసకు కూడా మీ పేర్లు, తేదీలతో కన్ఫర్మేషన్ మెయిల్ తీసుకోండి. బస దగ్గర కట్టే సిటీ టాక్స్‌ను చాలాచోట్ల నగదుగానే అడుగుతారు, కాస్త చిల్లర ఉంచుకోండి.

కొనుక్కోవాలనుకున్న బాల్సమిక్ సీసా పొలంలోనే, చేసినవాళ్ల దగ్గరే కొని, చెకిన్ లగేజీలో బట్టల మధ్య చుట్టి పెట్టండి. 100 మిల్లీలీటర్ల గుండ్రటి సీసా అది. ఇంటికొచ్చాక వంటలో మరిగించకండి, పొయ్యి దించాక స్ట్రాబెర్రీల మీదో, వెనీలా ఐస్‌క్రీమ్ మీదో నాలుగు చుక్కలు వేస్తే చాలు.