గోదాము కాగితాల దగ్గరే ఆగిపోతున్న జీఎస్టీ: హోమ్ స్టేజింగ్ చేసేవాళ్లకు దరఖాస్తు విధానం

అమ్మకానికి పెట్టిన ఫ్లాట్‌లో సోఫా, మంచం, కర్టెన్లు, దీపాలు సర్ది, చూడటానికి వచ్చినవాళ్లకు అక్కడే కాపురం పెట్టాలనిపించేలా చేయడం, బేరం తెగాక సామాను వెనక్కి తెచ్చుకోవడం. హోమ్ స్టేజింగ్ అంటే ఇంతే. ఆఫీసుకు ఇంట్లో ఒక గది సరిపోతుంది కానీ, సామానుకు గోదాము తప్పదు. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ల జీఎస్టీ దరఖాస్తు తిరిగొచ్చిందంటే చాలావరకు ఆ గోదాము కాగితాల్లోనే ఎక్కడో తేడా ఉంటుంది. ఆ తేడాను అడ్డం పెట్టుకుని "లోపల మాట్లాడి చేయిస్తాం" అని వేలకు వేలు గుంజేవాళ్లూ ఉన్నారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం తీసుకునే ఫీజు ఏమీ లేదు. కన్సల్టెంట్‌కు ఇచ్చేది ఆయన కష్టానికి మాత్రమే.

ఎవరు చేయించుకోవాలి అన్నదాంట్లో ఒక అపోహ ఉంది. "40 లక్షల దాకా అక్కర్లేదట కదా" అంటుంటారు. ఆ పరిమితి సరుకులు మాత్రమే అమ్మేవాళ్లది, అదీ ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాల్లోనే. తెలంగాణలో సరుకులకు కూడా 20 లక్షలే. మనది ఎలాగూ సేవ కాబట్టి రెండు రాష్ట్రాల్లోనూ ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దాటకముందే బిల్డర్లు జీఎస్టీ నంబరు అడగడం మామూలే. అప్పుడు స్వచ్ఛందంగా చేయించుకోవచ్చు.

సామాను కొనకముందా, కొన్నాకా?

ఎవరూ ముందుగా చెప్పని విషయం ఇది. రిజిస్ట్రేషన్ రాకముందు కొని, పుస్తకాల్లో ఆస్తిగా చూపించే సోఫాలు, మంచాలు, డైనింగ్ టేబుళ్ల మీద కట్టిన జీఎస్టీ తర్వాత క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే మొత్తంగా, రాదు. కొత్తగా రిజిస్టర్ అయినవాళ్లకు చేతిలో ఉన్న ఇన్‌పుట్ల మీద, అంటే ఆస్తిగా చూపించని మామూలు సరుకు మీద మాత్రమే చట్టం క్రెడిట్ ఇస్తుంది, క్యాపిటల్ గూడ్స్ మీద, అంటే ఇలా ఆస్తిగా చూపించే సామాను మీద ఇవ్వదు. పన్ను కాకుండా 6 లక్షల ఫర్నిచర్ కొంటే 18 శాతం చొప్పున 1,08,000 రూపాయలు. నంబరు వచ్చేదాకా ఆగి, బిల్లు మీద ఆ నంబరు వేయించుకుని కొంటే అది మీ క్రెడిట్ లెడ్జర్‌లో ఉంటుంది. అందుకే ముందు గోదాము మాట్లాడుకోండి, తర్వాత రిజిస్ట్రేషన్, ఆ తర్వాతే షాపింగ్. ఇంకో మాట: చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీములో చేరితే ఈ క్రెడిట్ అసలే ఉండదు. సామాను మీద ఎక్కువ పెట్టుబడి పెట్టేవాళ్లు ఆలోచించుకుని చేరాలి.

ఆన్‌లైన్‌లో నింపడం

జీఎస్టీ పోర్టల్‌లో ఫారం ఆర్ఈజీ-01. మొదటి భాగంలో పాన్, మొబైల్, ఈమెయిల్ ఇస్తే ఓటీపీలు వస్తాయి, ఆ తర్వాత టీఆర్ఎన్ అనే తాత్కాలిక నంబరు వస్తుంది. దానికి 15 రోజులే ఆయుష్షు. ఆలోగా రెండో భాగం నింపి పంపకపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. కాబట్టి కాగితాలన్నీ స్కాన్ చేసి పెట్టుకున్నాకే మొదటి భాగం తెరవడం మంచిది.

ఇక్కడ ఇచ్చే మొబైల్, ఈమెయిల్ మీవే అయి ఉండాలి. చాలామంది ఏజెంట్లు "అన్నీ మేం చూసుకుంటాం" అని తమ నంబరు పెట్టేస్తారు. ఆ రోజుకు సుఖంగానే ఉంటుంది. తర్వాత ప్రతి ఓటీపీ, ప్రతి నోటీసు ఆయనకే వెళ్తుంది. లెక్కలు చెడిపోయి ఇంకొకరి దగ్గరికి మారదామనుకుంటే మీ లాగిన్ ఆయన చేతిలో ఉంటుంది. అడగడానికి మొహమాటపడకండి, ఓటీపీ నా ఫోనుకే రావాలని గట్టిగా చెప్పండి.

సేవల కోడ్ల దగ్గర ఫర్నిచర్ అమ్మకం కోడ్ పెట్టి ఊరుకుంటారు కొందరు. మీరు సామాను అమ్మడం లేదు. ఫర్నిచర్, గృహోపకరణాలు అద్దెకిచ్చే సేవకు 997323, ఇంటీరియర్ డిజైన్ సేవకు 998391 కోడ్లు ఉన్నాయి. మీ ఒప్పందాల్లో రెండూ ఉంటే రెండూ చూపించండి. బ్యాంకు ఖాతా వివరాలు వెంటనే లేకపోయినా దరఖాస్తు ఆగదు. రిజిస్ట్రేషన్ వచ్చిన 30 రోజుల్లోగా, లేదా మొదటి జీఎస్టీఆర్-1 (మీరు చేసిన బిల్లుల వివరాల రిటర్ను) వేసేలోగా, ఏది ముందైతే అప్పటికి ఇవ్వాలి.

ఇక గోదాము

ఇంటిని ప్రధాన వ్యాపార స్థలంగా చూపించి, గోదాము ఊసెత్తకుండా పంపేవాళ్లు చాలామంది. "ఒక్క అడ్రసే అయితే త్వరగా వస్తుంది" అన్నది బయట వినిపించే సలహా. త్వరగా రావచ్చు కూడా. కానీ చట్టంలో వ్యాపార స్థలం అన్న నిర్వచనంలోనే గిడ్డంగి, గోదాము, సరుకు నిల్వ చేసే ఏ చోటైనా ఉంది. చూపించని గోదాములో లక్షల సామాను కనిపిస్తే అది జప్తు దాకా వెళ్లగల వ్యవహారం. అంత టెన్షన్ ఎందుకు, ఫారంలో "అదనపు వ్యాపార స్థలం" అన్న ట్యాబ్ ఉండనే ఉంది. అందులో గోదాము అడ్రసు, అది సొంతమా అద్దెనా అన్నది చూపించి, కార్యకలాపం దగ్గర వేర్‌హౌస్ అని ఎంచుకోవాలి.

కాగితాల విషయంలో ఎవరికి తోచింది వాళ్లు చెబుతుంటారు. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు తన అధికారులకు 2025 ఏప్రిల్ 17న ఇచ్చిన సూచనల్లో దీన్ని స్పష్టంగా రాసింది. సొంత స్థలమైతే తాజా ఆస్తి పన్ను రసీదో, కరెంటు బిల్లో, అలాంటిది ఏదో ఒకటి చాలు. అద్దెదైతే అద్దె ఒప్పందం, దానితోపాటు ఓనర్ యాజమాన్యాన్ని చూపే ఒక కాగితం. ఒప్పందం రిజిస్టర్ చేయించినదైతే ఓనర్ గుర్తింపు కార్డు అక్కర్లేదు, రిజిస్టర్ కాకపోతే అదీ జత చేయాలి. నాన్నగారిదో, భార్య పేరునో ఉన్న స్థలమైతే తెల్లకాగితం మీద సమ్మతి పత్రం, ఇచ్చినవాళ్ల గుర్తింపు కార్డు, యాజమాన్యపు కాగితం. అసలు ఒప్పందమే లేని చోట నోటరీ ముందు ఇచ్చిన అఫిడవిట్, ఆ స్థలం మీ స్వాధీనంలో ఉందని చూపే కాగితం, ఉదాహరణకు మీ పేరున ఉన్న కరెంటు బిల్లు. ఇంతే జాబితా. ఓనర్ పాన్, షెడ్డు లోపలి ఫొటోలు అందులో లేవు.

వినడానికి తేలికే. ఆగిపోయేది కాగితాలు ఒకదానితో ఒకటి కలవకపోవడం వల్ల. ఒక మామూలు కేసు చూడండి. ఊరి శివార్లలో రేకుల షెడ్డు. కరెంటు బిల్లు మీద చనిపోయిన పెద్దాయన పేరు. ఒప్పందంలో సంతకం పెట్టింది ఆయన కొడుకు. బిల్లు మీద పాత డోర్ నంబరు, ఒప్పందంలో కొత్త నంబరు. చూసే అధికారికి ఇవి రెండు వేరే స్థలాలు, ఇద్దరు వేరే మనుషులు. ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది? ఇలాంటి చోట కరెంటు బిల్లును పక్కన పెట్టేయండి. కొడుకు పేరుకు మారిన ఇంటి పన్ను రసీదు, మున్సిపాలిటీది గానీ పంచాయతీది గానీ ఉందేమో అడగండి. దాని మీద ఏ నంబరు ఉందో ఒప్పందంలో అచ్చంగా అదే రాయించండి. పాత నంబరు కూడా వాడుకలో ఉంటే షెడ్యూల్‌లో "పాత నంబరు ఫలానా" అని ఒక వాక్యం చేర్చండి. ఓనర్ పేరున ఏ కాగితమూ లేదంటే, అద్దె ఎంత తక్కువైనా, వేరే షెడ్డు చూసుకోవడమే నయం.

స్టాంపు వెండర్ దగ్గర దొరికే రెడీమేడ్ ఒప్పందంతో ఇంకో చిక్కు. అందులో "నివాసం నిమిత్తం మాత్రమే" అన్న వాక్యం అచ్చై ఉంటుంది, ఎవరూ చదవరు. గోదాముకు అది పనికిరాదు. ఫర్నిచర్, గృహాలంకరణ సామాను నిల్వకు, వ్యాపార నిమిత్తం అని ఉండాలి. అద్దెకు తీసుకున్నవారి పేరు కూడా చూసుకోండి. దరఖాస్తు భర్త పేరున, ఒప్పందం భార్య పేరున ఉంటే చెల్లదు. ప్రొప్రైటర్ అయితే పాన్ మీద ఉన్న పేరు, పక్కన వ్యాపారం పేరు రాయించండి. పెద్ద షెడ్డులో సగం మీది, సగం ట్రాన్స్‌పోర్ట్ వాళ్లది అయితే మీ భాగం ఎటువైపు, ఎన్ని చదరపు అడుగులు, హద్దులేమిటి అన్నది రాయకుండా సంతకం పెట్టొద్దు.

గోదాము లేనివాళ్లకు "వర్చువల్ అడ్రసు" అమ్మే ఏజెంట్లు ఉన్నారు. కాగితాలు చూడముచ్చటగా ఉంటాయి. తనిఖీకి వచ్చినప్పుడు అక్కడ మీ సామానూ ఉండదు, మీ మనిషీ ఉండడు. వచ్చిన రిజిస్ట్రేషన్ రద్దయ్యేది అలాగే.

అన్నట్టు, మీరు అలంకరించే కస్టమర్ల ఇళ్లను మామూలుగా అదనపు స్థలాలుగా చూపించరు. కానీ పక్క రాష్ట్రంలో గోదాము తీసుకుంటే అది ఈ ఫారంలో చేర్చేది కాదు. జీఎస్టీ రాష్ట్రాల వారీగా ఉంటుంది కాబట్టి అక్కడ విడిగా రిజిస్ట్రేషన్ కావాలి.

పంపాక

ఆధార్ ధ్రువీకరణకు కొందరికి ఓటీపీ లింకు వస్తుంది, కొందరికి జీఎస్టీ సువిధా కేంద్రానికి వచ్చి వేలిముద్ర వేయమని స్లాట్ లింకు వస్తుంది. రెండోది వస్తే అనుమానించారని కంగారు పడనక్కర్లేదు. అప్‌లోడ్ చేసిన కాగితాల ఒరిజినల్స్, ఆధార్, పాన్, అపాయింట్‌మెంట్ కాపీ తీసుకుని వెళ్తే సరి. ఆధార్ పూర్తయి సందేహాలేమీ లేకపోతే 7 పనిదినాల్లో రావాలి. ఆధార్ చేయించుకోకపోయినా, స్థల తనిఖీ పడినా 30 రోజుల దాకా పట్టవచ్చు. 2025 నవంబరు 1 నుంచి ఇంకో దారి కూడా ఉంది. రిజిస్టర్ అయినవాళ్లకు, అంటే మన విషయంలో ఎక్కువగా బిల్డర్లకు, చేసే బిల్లుల మీద పన్ను నెలకు 2.5 లక్షలు దాటదని ప్రకటించి, ఆధార్ పూర్తి చేస్తే 3 పనిదినాల్లో వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇది సరిపోతుంది. గోదాము కాగితాలు మాత్రం దీనిలోనూ అప్‌లోడ్ చేయాల్సిందే.

ప్రశ్న ఉంటే ఆర్ఈజీ-03 అనే నోటీసు వస్తుంది. జవాబు ఆర్ఈజీ-04లో, 7 పనిదినాల్లోగా. అధికారి అడిగినదానికే జవాబు ఇవ్వండి. ఇంటి పన్ను రసీదు అడిగితే రసీదు పెట్టండి, పాత దస్తావేజుల కట్టంతా స్కాన్ చేసి పంపితే అందులోంచి ఇంకో ప్రశ్న పుడుతుంది. "మీ నివాసం వేరే ఊళ్లో ఉంది కదా", "ఈ చోట ఈ వ్యాపారం ఎలా సాగుతుంది" లాంటి ఊహల మీద ప్రశ్నలు వేయొద్దని పైన చెప్పిన బోర్డు సూచనల్లోనే ఉంది. అలాంటిది వస్తే మర్యాదగా, దాన్ని ప్రస్తావిస్తూ రాయవచ్చు. గడువు దాటి తిరస్కరించినా లోకం మునిగిపోదు, తప్పు సరిదిద్ది మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

తనిఖీకి వస్తే ఖాళీ షెడ్డు చూపించడానికి సిగ్గుపడనక్కర్లేదు, ఇంకా సామాను కొనలేదని చెప్పండి. తాళం వేసి ఉండటం, ఫోన్ ఎత్తకపోవడమే కొంప ముంచుతాయి. నంబరు వచ్చాక సర్టిఫికెట్ ఆఫీసులోనే కాదు, గోదాములోనూ పెట్టాలి. బయటి బోర్డు మీద జీఎస్టీ నంబరు రాయించాలి.

సామాను లెక్క కూడా ఆ అడ్రసుల ప్రకారమే నడవాలి. ప్రతి వస్తువుకూ ఒక నంబరు, అది ఈ రోజు గోదాములో ఉందా, ఏ కస్టమర్ ఇంట్లో ఉందా అన్నది రిజిస్టర్‌లో కనిపించాలి. గోదాము దాటే ప్రతి బండికీ మూడు ప్రతుల డెలివరీ చలాన్ రాయండి. సామాను విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం కూడా. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇదే పద్ధతి, అప్పుడు మరిచిపోయేవాళ్లే ఎక్కువ. పోయిన, పగిలిన, ఎవరికైనా ఊరికే ఇచ్చేసిన వస్తువు మీద తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాలి కాబట్టి పగిలిన దీపాన్ని కూడా రిజిస్టర్‌లోంచి చడీచప్పుడు లేకుండా కొట్టేయడానికి లేదు.

రెండో గోదాము తీసుకున్నా, పాతది ఖాళీ చేసినా 15 రోజుల్లోగా ఆర్ఈజీ-14లో మార్పు చూపించాలి. కొత్తది చేర్చడం అందరికీ గుర్తుంటుంది, పాతది తీసేయడమే మరిచిపోతారు. ఓనర్ ఆ షెడ్డును ఇంకొకరికి అద్దెకిచ్చాక మీ పేరు మీద తనిఖీకి వస్తే, అక్కడ కనిపించేది వాళ్ల బోర్డే.