విమాన ప్రమాద నివేదిక చదవడం – 4వ పాఠం: నిద్ర దగ్గరే ఆగిపోయారు

మంగళూరు ప్రమాదానికి కారణాల గొలుసు రాయమంటే, కావలి నుంచి ఒంగోలు దాకా జవాబులు దాదాపు అన్నీ ఒకటే మాట: "కెప్టెన్ నిద్రపోయాడు." అందుకని ఈ వారం చెప్పాల్సిన వాతావరణం పాఠం పక్కన పెట్టేశాను. ఇది తేలకుండా ముందుకు పోయి లాభం లేదు.

నిద్ర నిజమే. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఆ బోయింగ్ 737 కాక్‌పిట్ వాయిస్ రికార్డర్‌లో గురక కూడా వినబడింది. 166 మందిలో 158 మంది పోయారు. అయితే నివేదికలో నిద్ర ఏ శీర్షిక కింద ఉందో చూశారా? కాంట్రిబ్యూటరీ ఫ్యాక్టర్స్, అంటే తోడైన కారణాల కింద. డైరెక్ట్ కాజ్, అంటే నేరుగా కారణమైంది వేరే ఉంది: ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) మూడుసార్లు గో అరౌండ్, అంటే దిగకుండా మళ్లీ పైకి లేపమని అన్నా, నేల దగ్గరపడుతోందని యంత్రం హెచ్చరిస్తున్నా, ఎత్తూ వేగం కుదురుకోని అప్రోచ్‌ను (రన్‌వే వైపు దిగే ప్రయత్నాన్ని) కెప్టెన్ వదులుకోకపోవడం.

హైవే మీద లారీ బోల్తా పడితే పేపర్లో "డ్రైవర్ నిద్రమత్తే కారణం" అని ఒక్క లైనుతో సరిపెడతారు. ఆ లైను తెచ్చి ఇక్కడ పెట్టొద్దు. కెప్టెన్ మేలుకున్నాక ఏం జరిగిందో అడగండి. విమానం ఉండాల్సిన దానికి దాదాపు రెట్టింపు ఎత్తులో ఎందుకుంది? మంగళూరు రాడార్ మే 20 నుంచి పనిచేయడం లేదు. దాంతో ఎత్తు తగ్గించుకోవడానికి అనుమతి మామూలుకంటే బాగా దగ్గరికొచ్చాక గానీ రాలేదు. మరి ఫస్ట్ ఆఫీసర్ నోటితో చెప్పి ఊరుకున్నారేం, కంట్రోల్స్ అందుకోవచ్చుగా? ఆ అధికారం ఆయనకుందో లేదో ఆదేశాల్లోనే స్పష్టత లేదు, బహుశా అందుకేనంటుంది నివేదిక. 8,033 అడుగుల రన్‌వే మీద దాదాపు 5,200 అడుగుల దగ్గర చక్రాలు ఆనాయి. అప్పుడైనా పూర్తిగా బ్రేకులు తొక్కి ఉంటే ఆగేది. రివర్స్ థ్రస్ట్ (ఇంజిన్ల తోపును ముందుకు తిప్పి వేగం తగ్గించేది) వేసి, మళ్లీ లేపాలని చూశారు. "నిద్ర" అని రాసేస్తే ఇవన్నీ ఎక్కడ పెడతారు?

"పైలట్ తప్పిదం" అని రాసిన వాళ్లకు సున్నా వేశాను, ఏమీ అనుకోవద్దు. ఎవరిది తప్పని తేల్చడానికి కాదు, మళ్లీ జరక్కుండా చూడటానికే దర్యాప్తు అని ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) దర్యాప్తు నియమాలైన అనెక్స్ 13లోనే ఉంది.

నేనైతే నివేదికను వెనకనుంచి చదువుతాను. చివర్లో సిఫార్సులుంటాయి. ప్రతి సిఫార్సూ ఒక బొక్కను పూడ్చడానికే కాబట్టి, ఆ బొక్క ఎక్కడుందో వెతుక్కుంటూ ముందుకొస్తాను. బ్లాక్ బాక్స్ అంటే ఏంటో ఇక్కడ చెప్పను. అది నారింజ రంగులో ఉంటుందని బడిపిల్లలకూ తెలుసు.

2025 జూన్‌లో అహ్మదాబాద్‌లో కూలిన ఎయిరిండియా విమానం సంగతి చాలామంది అడిగారు. 2025 జూలైలో వచ్చింది ప్రిలిమినరీ (ప్రాథమిక) నివేదిక. ఇంధనం స్విచ్‌లు రెండూ సెకను తేడాతో కటాఫ్‌కి (ఇంజిన్లకు ఇంధనం ఆపేసే స్థానానికి) పోయాయని అందులో ఉంది, ఎవరు మార్చారో లేదు. దాన్ని పట్టుకుని రాస్తే కారణం గడి ఖాళీగా వదలండి.

అభ్యాసం: 2009 సెప్టెంబరు 2న రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్, బెల్ 430. నల్లమల మీద సెప్టెంబరు మబ్బు ఎట్టా కమ్ముకుంటుందో గిద్దలూరు వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ సందేహంతో పైలట్లు ఆరు నిమిషాలకు పైగా చెక్‌లిస్ట్‌లో మునిగిపోయారు, ఆ తర్వాత బలంగా కిందికి తోసే గాలి. నివేదిక మొత్తం చదివి గొలుసు రాయండి. ప్రతి లింకుకూ పేరా నంబరు వేయాలి. "తప్పు", "నిర్లక్ష్యం" అన్న మాటలు కనబడితే వెనక్కి పంపేస్తాను.