ల్యాప్‌టాప్‌లోని గిటార్ యాంప్‌ను వేదికకు సిద్ధం చేసుకోవడం

విజయవాడ, గుంటూరు పరిసరాల్లో పెళ్లి సంగీత్‌లకూ, వినాయక చవితి పందిళ్లకూ వాయించే గిటారిస్టు బరువైన యాంప్‌ను ఆటోలో వేసుకుని తిరగనక్కర లేదు. ఆంప్లిట్యూబ్, గిటార్ రిగ్, ఉచితంగా దొరికే న్యూరల్ ఆంప్ మోడలర్ వంటి, యాంప్ శబ్దాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్‌ను, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్ సంకేతాన్ని కంప్యూటర్‌లోకి, తిరిగి బయటికి పంపే పెట్టె) ద్వారా నేరుగా మిక్సర్‌కు కలుపుకోవచ్చు. అయితే ఇంట్లో కుదిరిన టోన్ పందిట్లో అలాగే వినిపిస్తుందని మాత్రం నమ్మకూడదు.

ముందుగా చూడవలసింది ఆలస్యం, అంటే తీగ మీటాక శబ్దం వినిపించడానికి పట్టే సమయం. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఏసియో డ్రైవర్‌నే (ఆలస్యాన్ని తగ్గించే డ్రైవర్) వాడి, శాంపిల్ రేటును (సెకనుకు తీసుకునే శబ్ద నమూనాల సంఖ్య) 48,000కూ, బఫర్‌ను (ఒక్కో విడతలో ప్రాసెస్ చేసే నమూనాల సంఖ్య) 128కూ పెట్టుకుంటే ఒక్కో బఫర్‌కు సుమారు 2.7 మిల్లీసెకన్లు పడుతుంది. రానూపోనూ మొత్తం 10 మిల్లీసెకన్లలోపు ఉంటే చాలు. గాలిలో శబ్దం ఒక మీటరు దూరం వెళ్లడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది కనుక, అది మూడు మీటర్ల అవతల ఉన్న యాంప్‌తో వాయించడం వంటిదే. బఫర్‌ను 64కు తగ్గిస్తే వేళ్లకు ఇంకా హాయిగా ఉంటుంది గానీ, పాట మధ్యలో చిటపటలు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. వేదిక మీద నేను 128నే ఎంచుకుంటాను.

గిటార్‌ను హై-జెడ్ ఇన్‌పుట్‌కే (ఇంటర్‌ఫేస్‌లో గిటార్ కోసం ఉండే ఇన్‌పుట్) కలిపి, ఎంత గట్టిగా మీటినా మీటరు ఎరుపులోకి పోకుండా గెయిన్ సరిచూసుకోవాలి.

టోన్ దగ్గర ఓపిక పట్టాలి. తక్కువ శబ్దంలో మన చెవికి బేస్, ట్రెబుల్ సరిగా అందవు కాబట్టి, గదిలో తెలియకుండానే వాటిని పెంచుకుంటాం. అదే ప్రీసెట్ (దాచుకున్న టోన్ సెట్టింగు) పెద్ద స్పీకర్లలోకి వెళ్లేసరికి బేస్ గిటార్‌తో, కిక్ డ్రమ్‌తో కలిసి బురదలా తయారవుతుంది. గిటార్‌ను వినిపించే మధ్య స్థాయిలు మునిగిపోతాయి. అందుకే బ్యాండ్‌తో కలిసి, ప్రదర్శనలో ఉండే శబ్దంతోనే ప్రీసెట్లను సరిదిద్దాలి. 80 నుంచి 100 హెర్ట్జ్ కిందిదాన్నీ, దాదాపు 7,000 హెర్ట్జ్ పైదాన్నీ కోసేసి, గెయిన్, రివర్బ్ రెండూ ఇంట్లోకన్నా తగ్గించాలి. ఫంక్షన్ హాలు గోడలే కావలసినంత ప్రతిధ్వని ఇస్తాయి. మిక్సర్‌కు పంపేటప్పుడు క్యాబినెట్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకరు పెట్టె శబ్దాన్ని అనుకరించేది) తప్పనిసరి. అది లేకపోతే డిస్టార్షన్ తేనెటీగల రొదలా వినిపిస్తుంది. అసలు గిటార్ స్పీకరుకే కలిపితే మాత్రం దాన్ని ఆపేయాలి.

మన దగ్గర కరెంటు సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఒకసారి గుంటూరులోని ఒక ఫంక్షన్ హాలులో సౌండ్ చెక్ మొదలుపెట్టగానే గుయ్యిమని హమ్ వచ్చింది. కేబుళ్లన్నీ మార్చి చూశాను, తగ్గలేదు. చివరికి ల్యాప్‌టాప్ ఛార్జర్ పిన్ను లాగగానే ఒక్కసారిగా నిశ్శబ్దం. అది గ్రౌండ్ లూప్, అంటే పరికరాలు ఒకటికి మించిన దారుల్లో ఎర్త్‌కు కలవడం వల్ల వచ్చే హమ్. దానికి మందు, ఇంటర్‌ఫేస్‌కూ మిక్సర్‌కూ నడుమ గ్రౌండ్ లిఫ్ట్ (ఆడియో కేబుల్‌లోని ఎర్త్ కలయికను తెంచే స్విచ్) ఉన్న డీఐ బాక్స్ (సంకేతాన్ని మిక్సర్‌కు తగినట్టు మార్చే పెట్టె); అంతేగాని ప్లగ్‌లోని ఎర్త్ పిన్నును ఎన్నడూ తీసేయకూడదు, ప్రాణాల మీదికి వస్తుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు సాఫ్ట్‌వేర్ ఆగకుండా ఉండాలంటే, యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే ఇంటర్‌ఫేస్ మేలు. ల్యాప్‌టాప్ బ్యాటరీ రెండింటినీ నిలబెడుతుంది.

మే నెల బెజవాడ ఎండలో వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు మళ్లీ చిటపటలు మొదలవుతాయి. అందుకని ల్యాప్‌టాప్‌ను టేబుల్ గుడ్డ మీద కాక, కింద గాలి ఆడే స్టాండు మీద పెట్టాలి. వైఫై, బ్లూటూత్, అప్‌డేట్లు ఆపేసి, యూఎస్‌బీ నిద్రలోకి పోకుండా సెట్టింగు మార్చాలి.

ప్రదర్శనకు ముందు రోజు, ఫుట్‌స్విచ్‌తో సహా మొత్తం సామాను కలిపి, పాటల జాబితా అంతా ఆపకుండా వాయించి చూడాలి. ల్యాప్‌టాప్ మొరాయిస్తే వాడుకోవడానికి సంచిలో యాంప్ సిమ్యులేషన్ ఉన్న చిన్న పెడల్ ఒకటి ఉంచుకుని, అది ఏ ఛానెల్‌లోకి వస్తుందో సౌండ్ ఆపరేటర్‌కు సౌండ్ చెక్‌లోనే వినిపించాలి.