పట్టికలు కట్టడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఒక గడి మర్చిపోతే?

పోయిన పాఠంలో లేటెక్ (LaTeX)లో సరుకుల పట్టిక కట్టాం. ఇవాళ అదే పట్టికను టిప్‌స్ట్ (Typst)లో కట్టి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండూ మనం గుర్తులతో రాసిన దాన్ని పేజీలుగా సర్దిపెట్టే ప్రోగ్రాములే. ఏది అందంగా ఉందన్నది తర్వాత. మనం తప్పు చేస్తే ఏది ఏం చేస్తుందో ముందు తెలియాలి. పట్టికలతో నాకు టైమంతా పోయేది అక్కడే.

లేటెక్‌లో పేరు, కిలోలు, ధర వరుసగా ఇలా రాశాం:

బియ్యం & 25 & 1450 \\
కందిపప్పు & 5 & 800 \\
చింతపండు & 1 & 180 \\

& గుర్తు గడిని విడదీస్తుంది, రెండు వాలుగీతలతో వరుస అయిపోతుంది. టిప్‌స్ట్‌లో వరుస చివర గుర్తంటూ ఉండదు. మూడు కాలమ్‌లని ముందే చెప్తాం, అది మూడేసి గడుల చొప్పున సర్దుకుంటూ పోతుంది:

[బియ్యం], [25], [1450],
[కందిపప్పు], [5], [800],
[చింతపండు], [1], [180],

ఇప్పుడు రెండు చోట్లా కందిపప్పు ధర తీసేయండి. లేటెక్‌లో దాని ముందున్న & కూడా తీసేయండి. ఆ గడి ఖాళీగా ఉంటుంది, అంతే. కింది వరుస కదలదు. టిప్‌స్ట్‌లో మాత్రం చింతపండు పైకెళ్లి కందిపప్పు ధర గడిలో కూర్చుంటుంది. 1 పేర్ల కిందికి, 180 కిలోల కిందికి జరుగుతాయి. ఎర్రర్ రాదు. మనం రాసింది చూస్తే వరుసలు చక్కగానే కనిపిస్తాయి, ఎందుకంటే లైను మారడాన్ని అది లెక్కలోకి తీసుకోదు. అందుకే ధర తెలియనప్పుడు ఖాళీ బ్రాకెట్లు [] పెట్టడం ఇప్పుడే అలవాటు చేసుకోండి.

లేటెక్‌లో \\ మర్చిపోతే? 800, చింతపండు ఒకే గడిలో కలిసిపోతాయి, ఆ తర్వాతి & దగ్గర గడులు ఎక్కువయ్యాయని ఎర్రర్ వస్తుంది. టెన్షన్ పడకండి, ఆ ఎర్రర్ మన మేలుకే. డబ్బు లెక్కలున్న పట్టికకు నేను లేటెక్కే వాడతాను.

పొడుగు పట్టికైతే టిప్‌స్ట్ హాయి. పేజీ దాటితే తనే విరుస్తుంది, శీర్షిక వరుస ఏదో చెప్పి ఉంచితే ప్రతి పేజీ పైనా వేస్తుంది. లేటెక్ మామూలు టాబ్యులర్ (మనం పైన కట్టిన రకం పట్టిక) విరగదు, పేజీ కిందికి జారిపోతుంది. దానికి లాంగ్‌టేబుల్ (longtable) అనే ప్యాకేజీ, అంటే విడిగా చేర్చుకునే అదనపు సౌకర్యం, కావాలి.

దశాంశ బిందువులు ఒకదాని కింద ఒకటి నిలబడాలన్నా లేటెక్‌లో డీకాలమ్ (dcolumn) లాంటి ప్యాకేజీ పెట్టాలి. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ రాసిన టీబీఎల్ (tbl) అనే పట్టికల ప్రోగ్రాంలో కాలమ్‌కు ‘ఎన్’ (n) అన్న ఒక్క అక్షరం రాస్తే ఆ పని అయిపోయేది. ఆ సౌకర్యం నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం.

అభ్యాసం: 40 వరుసల పట్టిక రెండింటిలోనూ కట్టండి. ఏడో వరుసలో ఒక గడి తీసేసి, చివరి వరుస ఎలా మారిందో చూడండి. 5వ పాఠంలో గీతల సంగతి: టిప్‌స్ట్ అడగకుండానే అన్ని గీతలూ గీస్తుంది, వాటిలో ఏవి తీసేయాలో చూద్దాం.